ఉన్‌గోక్ స్వామి తద్దినం

కొండ మీద ఉన్‌గోక్ స్వామి అనే సన్యాసి ఎన్నడూ లేడు. ఈ సంగతి కొరియాలోని ఇంచన్ రేవు మొత్తానికి ఇద్దరికే తెలుసు. ఒకడు ఆ సన్యాసిని పుట్టించిన తక్ మాన్‌గి. రెండో మనిషి అతని పెళ్ళాం బొంగ్నే. లేని సన్యాసికి ఇరవై ఆరేళ్ళుగా తద్దినం వంట వండుతున్నది ఆవిడే.

మాన్‌గి ఇప్పుడు పెద్దమనిషి. ఉన్‌గోక్ విద్య అని పేరు పెట్టి పదకొండు ఊళ్ళలో, వట్టి చేతులతో కాళ్ళతో పోరాడటం నేర్పే బళ్ళు తెరిచాడు. ప్రతి బడిలోనూ గోడ మీద జెండా, జెండా కింద అతని ఫొటో. పిల్లలు రోజూ దానికి దండం పెట్టాలి. స్వామి తనను మంచుకొండ మీద పన్నెండేళ్ళు సాకాడనీ, ఓ తెల్లవారుజామున నిండు మంచులో తన ఒళ్ళోనే కన్ను మూశాడనీ చెబుతూ గొంతు గద్గదం చేసుకుంటాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. బొంగ్నే మాత్రం లేచి వంటింట్లోకి పోతుంది.

మాన్‌గి ఎక్కిన కొండ లేదు. రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. అతనికి చెయ్యి ఎత్తడం నేర్పింది బొంగ్నే అన్న జంగ్‌హాక్. ఆయన జపానులోని ఒసాకాలో ఇనుము కొలిమి దగ్గర పనిచేస్తూ, ఒకినావా దీవి నుంచి వచ్చిన తోటి కూలీ దగ్గర ఆ విద్య పట్టుకున్నాడు. జపాను ఏలుబడి పోయి దేశం చేతికొచ్చిన ఏడు తిరిగొచ్చి, బియ్యం మిల్లు వెనక జాగాలో కుర్రాళ్ళకు నేర్పాడు. పైసా తీసుకోలేదు. ఎండుచేప కాల్చి పెడితే చాలు, పొంగిపోయేవాడు. "ముందు నిలబడటం నేర్చుకోరా మాన్‌గీ, తన్నుడు తరవాత" అని కర్రతో అతని మడమలు సర్దేవాడు. ఇప్పుడు అదే మాట స్వామి వాక్కుగా చట్రం కట్టి పదకొండు బళ్ళలో వేలాడుతోంది.

దేశం ఉత్తరం, దక్షిణం అని చీలి యుద్ధం వచ్చింది. మిల్లు వెనక నేర్చుకున్న కుర్రాళ్ళలో రేవులో మిగిలింది మాన్‌గి ఒక్కడే. జంగ్‌హాక్ ఉత్తరానికి వెళ్ళాడు. ఇష్టపడి వెళ్ళాడో, తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు. ఉత్తరానికి పోయినవాడి చెల్లెలన్నా, బావమరిదన్నా పోలీసులు గుమ్మంలో నిలబడే రోజులవి. "మీ అన్న పేరు ఈ ఇంట్లో వినబడితే నిన్నూ ఆ దారినే పంపిస్తా" అన్నాడు మాన్‌గి. ఆమె నోరు కుట్టేసుకుంది. అతడు భయపడ్డాడంటే ఆమె క్షమించేదే. కానీ భయం పోయాక కూడా దొంగసొత్తు తిరిగివ్వలేదు, అదీ ఆమె పగ.

బడి నాలుగేళ్ళు నడిచాక స్వామికి తద్దినం కావలసొచ్చింది. "ఏ రోజు పెడదాం?" అన్నాడు మాన్‌గి, వంటింటి గడపలో నిలబడి.

"తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పెట్టండి" అంది ఆమె.

అతడు సరేనన్నాడు. ఆ తిథి ఎవరికి పెడతారో ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది మహానుభావుడికి. అప్పటినుంచి ఏటా ఆ పూట బల్ల మీద బియ్యపు సారా, ఉడికించిన పెద్ద చేప, కాల్చిన ఎండుచేప పెడుతూ వచ్చింది. మాన్‌గి చీనా అక్షరాల్లో స్వామి పేరు కాగితం మీద రాసి అంటించేవాడు. శిష్యులు రెండేసిసార్లు సాగిలపడేవారు. ఆఖరున కాగితం కాల్చేసేవారు.

ఈ ఏడు, ఇలాంటి బళ్ళన్నిటి సంఘం వాళ్ళు ఈ విద్య చరిత్రని పుస్తకంగా వేస్తున్నారు. అందుకోసం ప్యో అనే ముసలాయన నోటుబుక్కుతో పొద్దున్నే తద్దినానికొచ్చాడు. ఒకసారి అచ్చయితే ఇక అంతే, అన్న ఈ భూమ్మీద ఎప్పుడూ లేనట్టే అవుతుంది. బొంగ్నే రాత్రంతా అదే తలుచుకుని చేప తోమింది.

బల్ల ముందు కూర్చున్న ప్యో దాని మీది పళ్ళేలు ఒక్కొక్కటే చూశాడు.

"తక్ గారూ, సన్యాసికి చేపలేంటండీ? సారా కూడానా?"

"మా ఇంటి ఆడవాళ్ళ అలవాటు లెండి" అన్నాడు మాన్‌గి నవ్వుతూ.

"సరే. మరి తొమ్మిదో నెల తొమ్మిది, పోయిన రోజు తెలియనివాళ్ళకి పెట్టేది కదా. ఆయన మీ ఒళ్ళోనే పోయాడంటిరి. అదీ మంచులో."

పెద్ద శిష్యుడు సొక్ తల ఎత్తాడు. ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల ముందు వంగుతున్నవాడు అతడు.

"ఈ చదువురాని మొద్దు చేసిన పని" అన్నాడు మాన్‌గి, పెళ్ళాం వైపు వేలు చూపించి. "దీనికి తిథి తెలీదు, వారం తెలీదు. నేనేమో పెద్ద మనసుతో ఊరుకున్నాను."

బొంగ్నే చేతులు తుడుచుకుని వచ్చి, అంటించిన కాగితం ఊడదీసింది. తడి ఆరని కుంచె తీసుకుని కొత్త కాగితం మీద, అందరూ చదవగలిగే కొరియా అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా పెద్దగా 'కు జంగ్‌హాక్' అని రాసింది. రెండు అన్నం మెతుకులు నలిపి అంటించింది.

"మా అన్న. ఈయనకి విద్య నేర్పింది ఆయనే, మిల్లు వెనకాల. కొండా లేదు, సన్యాసీ లేడు. రాసుకోండి పెద్దాయనా."

"తీసెయ్యవే" అన్నాడు మాన్‌గి, పళ్ళ సందునుంచి.

"మీరే తియ్యండి. ఇటుకలు పగలగొట్టే చెయ్యేగా."

నిజంగా బతికిన మనిషి పేరు బల్ల మీద పెట్టాక, మొక్కులు పూర్తికాకుండా దాన్ని పీకే చెయ్యి ఆ దేశంలో లేదు. మాన్‌గి చెయ్యి కూడా లేవలేదు.

"ఇన్నేళ్ళూ మాచేత ఎవరికి మొక్కించారు అమ్మగారూ?" అన్నాడు సొక్ కోపంగా.

"మా అన్నకే నాయనా. చేపలు చూడలేదూ?"

సొక్ గురువు వైపు చూశాడు. గురువు గోడ వైపు చూస్తున్నాడు. సొక్ మోకాళ్ళ మీదికి దిగి నుదురు నేలకి ఆనించాడు. వెనక ఉన్నవాళ్ళూ ఒక్కొక్కరే దిగారు. గదిలో మాన్‌గి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ప్యో పేరు రాసుకుని, అక్షరాలు సరిచూసుకున్నాడు.

"రేపు పోలీసులొస్తే నాకేం సంబంధం లేదంటా" అన్నాడు మాన్‌గి, అందరూ వెళ్ళాక.

"అదేగా ముప్పై ఏళ్ళుగా అంటున్నారు" అంది ఆమె, పళ్ళేలు తీస్తూ.

కాల్చడానికి అతడు అగ్గిపెట్టె అందించాడు. ఆమె అందుకోలేదు. కాగితాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. అన్న పోయిన రోజు తెలీదు. అసలు పోయాడో లేదో కూడా తెలీదు.