బావి గట్టున కూర్చోబెట్టిన నారికురుపు

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున జొన్నలు చెరుగుతుంటే ఎడమ మడమ పైన భగ్గుమని మంట మొదలైంది. తేలు కుట్టిందేమోనని చాట ఎత్తి చూశాను, ఏమీ లేదు. సాయంత్రానికి అక్కడ పొక్కు లేచింది. మా నారాయణఖేడ్ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పొక్కు పేరు చెప్పడానికి వైద్యుడు అక్కర్లేదు. నారికురుపు.

పొక్కు చితికి తెల్లటి దారంలా పురుగు కొస బయటికొచ్చింది. దాన్ని చీపురు పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. మా ఆయన ఏసోబుకు అంత ఓపిక ఎక్కడిది?

"గింతదానికి గిన్ని రోజులెందుకే" అని ఒక్క గుంజు గుంజాడు. పురుగు తెగింది. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా వాచి ఒళ్లు కాలిపోయింది. ఆయన మొహం చూస్తే నా కాలి కంటే ఆయన మీదే జాలేసింది.

బండి కట్టి ఖేడ్‌లోని మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ దొరసాని. బైబిల్ చదివి మన భాష నేర్చుకుంది, అందుకని ఆమె తిట్టినా ప్రార్థన చేసినట్టే ఉంటుంది.

"గినీ వర్మ్. తెగిపోయి ఇన్ఫెక్షన్ అయినది" అని చీము తీసి, టింక్చర్ పూసి, డ్రెస్సింగ్ చేసింది. ఏడవకూడదనుకున్నాను గానీ దవాఖానంతా వినేలా ఏడ్చాను.

వచ్చేటప్పుడు ఆమె, "మార్తమ్మా, ఈ కాలు బావిలో పెట్టకుము. పుండులోనుండి పురుగు పిల్లలు నీళ్లలో కలియును. ఆ నీళ్లు తాగినవారికి వచ్చే ఏడు ఇదే బాధ కలుగును" అంది.

మాది మెట్ల బావి. అందరం మోకాలి లోతు దిగి కుండ ముంచుకుంటాం. పుండున్నవాళ్లు మరీ ఇష్టంగా దిగుతారు, చల్లటి నీళ్లలో మంట తగ్గుతుందని. అంటే ఏటేటా ఈ రోగాన్ని మేమే ఒకరికొకరం పంచుకుంటున్నామన్నమాట.

ఎట్లాగూ కూలికి పోలేను. బొక్కెన, చేంతాడు పట్టుకుని బావి గట్టున కూర్చున్నాను. వచ్చినవాళ్లను కాళ్లు చూపమన్నాను. పుండున్నవాళ్ల కుండలు నేనే చేది నింపాను. మార్తమ్మ బావికి పోలీసు పటేలయిందని వాడంతా ఒకటే ఎగతాళి.

పక్కింటి సాయమ్మతో నాకు మాటల్లేవు. వాళ్ల మేక మా చిక్కుడు తీగ మేసినప్పుడు పోయిన మాటలు అవి. ఆమె కాలికి గుడ్డ కట్టుకుని, నన్ను చూడనట్టే మెట్లు దిగబోయింది. నా నోట్లో మంచి తిట్టు ఒకటి తయారుగా ఉంది. ఓర్పు ఇమ్మని పొద్దున్నే ప్రార్థన చేసి వచ్చిన నోరు అది. తిట్టు మింగి చేయి అడ్డం పెట్టాను.

"సాయమ్మా, దిగకు. కుండ ఇటియ్యి."

"ఎందుకియ్యాలె? బావి నీదా ఏంది?"

"కాదు, అందరిది. నీ పుండు నీళ్లల్ల పెడితే అందరికి నారికురుపు లేస్తదని డాక్టరమ్మ చెప్పింది."

"నాకు నీళ్లు చేదిపొయ్యమని గూడ ఆమెనే చెప్పిందా?"

"అది యేసయ్య చెప్పిండు. నా మనసైతే ఒప్పుతలేదు."

సాయమ్మకు నవ్వాగలేదు. కుండ నా ముందు పెట్టి మెట్టు మీదే కూలబడింది. నాకూ నవ్వొచ్చింది. ఆ కుండ నింపుతుంటే కలిగిన సంతోషం ప్రార్థనలో ఎంత గట్టిగా పాడినా నాకు ఎన్నడూ కలగలేదు.

రెండు రోజులకు జ్వరం తిరగబెట్టి నేను లేవలేకపోయాను. బావి సంగతి ఏమవుతుందోనని పరేషాన్ అవుతుంటే, గట్టు మీద సాయమ్మ కూర్చుందని ఏసోబు వచ్చి చెప్పాడు. నాకంటే ఆమె గొంతే పెద్దదట. వానలు పడేదాకా ఇద్దరం వంతులు వేసుకున్నాం.

అంతకుముందు ఇంటికొకరు మంచాన పడే మా వాడలో మరుసటి ఎండాకాలం ఒకరిద్దరికే నారికురుపు లేచింది. ఇప్పుడు నేను చేనికి పోతున్నాను. ఎక్కువ నడిస్తే మడమ సలుపుతుంది, అంతే. సాయమ్మ గుడికి పోతుంది, నేను ప్రార్థనకు పోతాను, దారిలో ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉంటాం.

చదివేవారికి ఒక్క మాట. నీళ్లు రెండు మడతల బట్టలో వడకట్టి తాగండి. పుండున్న కాలును బావిలో దిగనివ్వకండి. ఆ కాలు మీకు గిట్టనివాళ్లదైతే ముందు వాళ్ల కుండ నింపండి. పోట్లాట తర్వాత పెట్టుకోవచ్చు.