మామూలు ఖర్చులు

పరపతి చెడిన మనిషికి అప్పిచ్చేవాడు దొరికితే కళ్ళకద్దుకుని సంతకం పెట్టాలే తప్ప ప్రశ్నలు వేయకూడదని చాలామంది అభిప్రాయం. ఇందులో ఒక మెలిక ఉంది. ఇచ్చేవాడు పుచ్చుకునేవాణ్ణి శంకిస్తే దానికి జాగ్రత్త అని పేరు. పుచ్చుకునేవాడు తిరిగి శంకిస్తే అది కృతఘ్నత. ఈ న్యాయం ఎంతవరకు నిలుస్తుందో బడిపిల్లల వ్యాన్ నడిపే ఒకావిడ విషయంలో చూడవచ్చు. పిల్లలు ఆమెను వ్యానక్క అంటారు. ఆమె కంటే పెద్దవాళ్ళకూ అదే పిలుపు అలవాటైంది.

భర్త చనిపోయిన ఏడాది ఆమె వ్యాన్ వాయిదాలు వరసగా తప్పాయి. తరువాత చాలావరకు కట్టింది గానీ కొంత బాకీ మిగిలిపోయింది. అప్పులిచ్చే కంపెనీలు మనుషులకు వేసే మార్కులలో, అదే స్కోరులో, ఆమె అట్టడుగుకు జారింది. అటువంటి సమయంలో, ఆమె అద్దెకుంటున్న రెండు గదుల వాటాను అమ్మేస్తానని ఇంటి యజమాని కబురు పెట్టాడు. కొనుక్కుంటే ఆమెకే ముందు, లేకుంటే నెలాఖరుకు ఖాళీ చేయాలి.

ఆమెకు సొంతింటి మోజు లేదు. చూపు పోయిన అత్తగారు ఉంది. ఆ ముసలామె ఆ ఇంటిని చేతులతో, చెవులతో నేర్చుకుంది. ఫ్రిజ్ మూలుగు కుడివైపు వినిపిస్తే వంటగది వచ్చినట్టు, పెచ్చు ఊడిన గోడ తగిలితే స్నానాలగది దగ్గరపడినట్టు. ఎవరి సాయమూ లేకుండా నీళ్ళు తాగుతుంది, తిరుగుతుంది, కోడల్ని కేకలేస్తుంది. ఇల్లు మారితే ఆమెకు చూపు రెండోసారి పోయినట్టే.

అందుకే ఇంటి లోను ఇప్పిస్తానన్న ఏజెంటును వ్యానక్క లోపలికి రానిచ్చింది. అతడు వంటగదిలోనే కుర్చీ వేసుకుని కాగితాలు పరిచాడు. నుదుటిమీద హెల్మెట్ అచ్చు ఇంకా ఎర్రగా ఉంది.

“ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టేయక్కా. మీ స్కోరుకి మంజూరవడమే గొప్ప. మేనేజరుగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.”

“ఈ ఫీజులన్నీ ఏంటి తమ్ముడూ?”

“చేతిలోంచి పెట్టక్కర్లేదక్కా. లోన్లోనే కలిపేస్తాం.”

“కలిపితే వాటికీ వడ్డీ కడతాను కదా, అన్నేళ్ళూ?”

ఏజెంటు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. వేలు పెట్టి ఒక్కొక్క వరసా అడిగింది. ఇంటి కాగితాలు చూసిన లాయరు ఫీజు అన్నాడు. ఇల్లు చూసి విలువ కట్టినందుకు ఇంజినీరు ఫీజు అన్నాడు.

“ఇంజినీరు ఎప్పుడొచ్చాడు?”

“వచ్చి చూసుకెళ్ళారక్కా. మీరు వ్యాన్ మీద ఉన్నప్పుడు.”

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. “ఎవడూ రాలేదు. ఆ తలుపు తీస్తే పక్కవీధి దాకా కిర్రుమంటుంది. నా చెవిన పడకుండా వచ్చాడంటే గోడలోంచి వచ్చుండాలి.”

“బామ్మగారూ, మీకు కనబడదు కదండీ...”

“కనబడదు. అందుకేగా నీ మొహం చూసి మోసపోవడం తప్పింది!”

ఏజెంటు గబగబా చివరి వరసకు వచ్చాడు. “ఇవి మామూలు ఖర్చులు. అంతే.”

వ్యానక్క చేతిలో పెన్ను ఆగింది. రోడ్డుమీద బండి నడుపుకుని బతికే మనిషికి మామూలు అనే మాట ఒక్క అర్థంలోనే వినబడుతుంది. “మామూలా? ఎవరికివ్వాలి మామూలు?”

అతడు సాధారణమైన ఖర్చులనే ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్నకు ముఖం పాలిపోయింది. “అదికాదక్కా” అని మొదలుపెట్టి, ఏది అవునో చెప్పకుండానే కాగితాలు సర్దుకున్నాడు.

మనం వాడుకలో అనుమానం అంటే మనసులోని మురికి అన్నట్టు మాట్లాడతాం. తర్కం చదివినవారికి అదే మాట, కనబడిన గుర్తునుబట్టి కనబడని దానిని తేల్చుకునే మార్గం. వ్యానక్కది ఈ రెండింటిలో ఏదో చెప్పడం కష్టం. ఆ సాయంత్రం ఆమె ఏజెంటునే కాదు, లాయరును, ఇంటి యజమానిని కూడా శంకించింది. యజమానికి ఇందులో కమీషన్ ఉందని అత్తగారితో అనడమే కాక, మర్నాడు ఫోనులో ఏజెంటుతోనూ అనేసింది. దానికి ఆధారం ఒక్కటీ లేదు.

ఆ తరువాత పిల్లల్ని బడిలో దింపి నేరుగా కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. అద్దాల గది బయట జనం వరస కట్టి కూర్చున్నారు. తలుపు సగం తెరిచి నిలబడే అడిగింది.

“సార్, నా లోనులో మీకు మామూలు ఎంత?”

వరసలో వాళ్ళందరూ తలలు తిప్పారు. మేనేజరు లేచి నిలబడ్డాడు. “అమ్మా, మెల్లగా! ముందు లోపలికి రండి. తలుపేయండి.”

ఫైలు తెప్పించాడు. లాయరు ఫీజు నిజమే. లాయరు ఒక పాత దస్తావేజులో లోపం పట్టుకుని సరిచేయించాడు కూడా. అక్కడ ఆమె శంక తప్పింది. మామూలు ఖర్చులు మాత్రం కంపెనీ లెక్కలో లేనే లేవు. ఇంజినీరు ఇంటికి రాలేదని కూడా తేలింది.

“స్కోరు తక్కువున్నవాళ్ళ పనికి తిరుగుడు ఎక్కువ, మా కుర్రాళ్ళు కాస్త వేసుకుంటారు” అన్నాడు మేనేజరు, తనకేమీ పట్టనట్టు. “ఈ రెండూ కొట్టేస్తున్నాను. సరేనా? ఇప్పుడు పెట్టండి సంతకం.”

మరొకరైతే గెలిచామనుకునేవారు. ఆమెకు అప్పుడే అసలు భయం పట్టుకుంది. నోరు తెరిచి అడగగానే మాయమైన ఫీజులు అడగకపోతే ఉండేవి. మరి తనకు అడగడం తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో?

“వడ్డీ కూడా ఇలాగే తగ్గుతుందా సార్?”

“అది కుదరదు. మీ స్కోరుకి అదే రేటు. పాత బాకీ తీర్చేసి, ఓ ఏడాదిపాటు వాయిదా తప్పకుండా కట్టండి, అప్పుడు చూద్దాం.”

“చూద్దాం అంటే తగ్గిస్తారనా, చూస్తారనా?”

మేనేజరు ఫైలు మూసేశాడు. ఆమె పెన్ను బల్లమీద పెట్టి లేచింది.

ఇక మిగిలినది ఇంటి యజమాని. తాను ఊరికే నింద వేసిన మనిషి దగ్గరకే గడువు అడుక్కోవడానికి వెళ్ళాలి. ఆయన పైఅంతస్తులో రేడియోలు బాగుచేస్తూ ఉంటాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“నేను కమీషన్ తిన్నానన్నావటగా?”

“అన్నాను బాబాయిగారూ.”

“ఇంకా అలాగే అనుకుంటున్నావా?”

“సగం.”

“నిజం చెప్పావు, సంతోషం. ఎంత గడువు కావాలి?”

“ఏడాది. అద్దె పెంచండి, ఇస్తాను. ఈలోపు ఇంకెవరికీ అమ్మకండి.”

“పెంచుతాను. అయితే అమ్మా, మాట మీద కాదు. రాసుకుందాం. నీకు నామీద సగం ఉంటే నాకు నీమీద ముప్పాతిక ఉంది.”

ఆయన ఔదార్యం చూపాడని నేననను. పెంచిన అద్దె తక్కువేమీ కాదు. ఆమె వివేకం చూపిందనీ గట్టిగా చెప్పలేను. ఏడాదికి ఇళ్ళ ధరలు పెరగవచ్చు, మేనేజరు మారవచ్చు. అడగకూడదన్న లోకాభిప్రాయం ఆమె విషయంలో తప్పని తేలింది. అడిగితే అంతా చక్కబడుతుందని మాత్రం తేలలేదు.

వ్యానక్క ఆ లోను తీసుకోలేదు. వ్యాన్ పాత బాకీని మధ్యాహ్నాలు ఒక బట్టల దుకాణానికి సరుకు చేరవేసి తీరుస్తోంది. పెంచిన అద్దె కడుతూ అత్తగారితో అదే రెండు గదుల్లో ఉంటోంది. గడువు తీరాక మళ్ళీ దరఖాస్తు పెడుతుంది, ఈసారి వేరే కంపెనీలో.