సూదక్క కుట్టిన జేబులు

డ్రైవరు సీటు వెన్ను మీది పాత కుట్టును సూదక్క విప్పుతోంది. ఎడమచేత్తో రెక్సిన్‌ను లాగి పట్టుకుని, కుడిచేతిలోని బ్లేడు కొనతో నాలుగేసి కుట్లకు ఒకదాన్ని తెంపుకుంటూ పోతోంది. అన్నీ తెంపితే దారం నలకలై ఫోములో ఇరుక్కుంటుంది. నాలుగింటికి ఒకటి తెంపితే అవతలి వైపు పోగు మొత్తం ఒక్క లాగుకే వచ్చేస్తుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. మూడు సీట్లు పాడు చేశాక చేతికి తెలిసింది.

భుజం దగ్గర గుడ్డకు ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినా అని ఆమే ఒక్క క్షణం ఆలోచిస్తుంది. రేకుల షెడ్డులో సగం ఆమెది, సగం ఆమె మరిదిది. అతను కార్ల మెకానిక్. మధ్యలో నేల మీద పసుపు రంగు గీత ఒకటి ఉంది. గ్రీజు చేతులు ఆ గీత దాటకూడదు. దాటితే ఆ రోజు అతనికి టీ ఉండదు.

పదిహేనేళ్ళ కిందట ఆమె బడి సంచులు కుట్టేది. ఆ దుకాణం మూతపడ్డాక మరిది ఒకరోజు, "సంచులు కుట్టిన చేతికి సీటు కుట్టడం ఒక లెక్కా వదినా" అన్నాడు. లెక్కేనని తర్వాత తెలిసింది. పాత సామాన్ల కొట్టు నుంచి చిరిగిన సీటొకటి తెప్పించుకుని, వంటింటి నేల మీద కుట్టుకుట్టూ విప్పింది. ముక్కలన్నీ పరిచి, దేని పక్కన ఏదుందో పెన్సిలుతో అంకెలు వేసుకుంది. తిరిగి కుట్టింది. మొదటిసారి అది దిండులా వచ్చింది. రెండోసారి ఒక మూల ముడత పడింది. మూడోసారికి సీటు సీటులా వచ్చింది. మరిది దాని మీద కూర్చుని, భోజనానికి పిలిచినా లేవనన్నాడు.

ఇప్పుడు ఆమె దగ్గరికి సీట్ల కోసం వచ్చేవాళ్ళు తక్కువ. జేబుల కోసం వస్తారు. కారు లోపల ఎవరికి ఏ జేబు కావాలో చూసి అది కుట్టిపెడుతుంది. అందుకు ఆమెకొక పద్ధతి ఉంది. కారు పనికి రాగానే నేల మీద పాత దుప్పటి పరుస్తుంది. దాని మీద నాలుగు సీట్లూ, వెనక డిక్కీ గీసి ఉంటాయి. కారులో ఏ మూల దొరికిన వస్తువును దుప్పటి మీద ఆ మూలే పెడుతుంది. విరిగిన రంగు పెన్సిలైనా పారేయదు. "ఎందుకు పెట్టుకున్నారో మనకేం తెలుసు" అంటుంది. అన్నీ బయటికొచ్చాక స్టూలు వేసుకుని కాసేపు ఊరికే చూస్తుంది.

ఒక లెక్కల మాస్టారి కారులో పదకొండు ఎర్ర పెన్నులు దొరికాయి, ఒక్కదానికీ మూత లేదు. ఒక పెద్దాయన సీటు కింద డబ్బా నిండా గులకరాళ్ళు. మనవరాలు దారిలో ఏరి ఇచ్చినవట, అప్పుడప్పుడు ఉన్నాయా లేవా అని తనిఖీ చేస్తుందట. వాటికి రెండు పొరల గట్టి గుడ్డతో సంచీ కుట్టిచ్చింది. కొత్తగా పెళ్ళయిన జంట కారులో దువ్వెనలు రెండు, నీళ్ళ సీసాలు రెండు, నల్లకళ్ళద్దాలు రెండు. మూడేళ్ళ తర్వాత అదే కారు మళ్ళీ వస్తే అన్నీ ఒక్కొక్కటే ఉన్నాయి. పాలసీసాలు మాత్రం మూడు.

ఇప్పుడు విప్పుతున్న సీటు ఒక నర్సమ్మ కారుది. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళిపోయిన రోగుల్ని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునే పని ఆమెది. కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం, లేవలేనివాళ్ళను పక్కకు తిప్పడం. రోజుకు ఎనిమిది ఇళ్ళు తక్కువ కాదు. సంచిలో పట్టేది సంచిలో, మిగిలిందంతా కారులో. ఆ శుక్రవారం ఉదయమే కారు తెచ్చి డిక్కీ తెరిచి చూపించింది. నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు. మూతల మీద గుండ్రటి అక్షరాలతో చీటీలు: కట్లు, సిరంజీలు, కాగితాలు, ఇతరములు.

"ఇంత శుభ్రంగా ఎవరూ తేలేదు సిస్టర్," అంది సూదక్క.

"మా ఆయన సర్దారు. రిటైరయ్యాక ఆయనకు ఇంట్లో సర్దడానికి ఇంకేం మిగల్లేదు."

"ఇంకేం మరి, నాతో పనేముంది?"

"సీటు చిరిగింది. దాంతోపాటు జేబులూ కుట్టాలి. ఏది ఎక్కడుందో నాకు దొరికేలా. సోమవారం లోపల." నర్సమ్మ డిక్కీ మూసింది. "పోయిన నెల ఒక పెద్దాయనకు కాలి పుండు కట్టు మారుస్తుంటే రక్తం చిమ్మింది. గట్టి కట్టు కావాలి. సంచిలో అయిపోయింది. కోడల్ని గుడ్డతో అదిమి పట్టుకోమని కారు దగ్గరికి పరిగెత్తాను. కారు నాది, కట్టు నాది, దొరకలేదు. నేను తిరిగి వెళ్ళేసరికి ఆ అమ్మాయి పక్కదుప్పటి చింపి కట్టేసింది. ఆయనకేం కాలేదు. కోడలు ఒక్క మాట కూడా అనలేదు. నాకు మంచినీళ్ళు ఇచ్చింది."

సూదక్క డ్రైవరు సీటు చిరుగును జానతో కొలిచింది.

"నాకు యాభై ఆరు. మతిమరుపు మొదలైందేమో. ఇళ్ళు తిరుగుతావా, ఆస్పత్రిలో కూర్చుని చీటీలు రాసే పని తీసుకుంటావా అని పెద్ద సిస్టర్ అడిగింది. సోమవారం తొమ్మిదింటికి చెప్పాలి."

"మీకేది ఇష్టం?"

"ఇళ్ళే. కానీ ఇష్టంతో తేలేది కాదిది. అవతల మనిషి ప్రాణం."

ఆ రోజు సూదక్క దుప్పటి పరచలేదు. అన్నీ డబ్బాల్లో, చీటీలతో సహా ఉంటే ఇంక చూసేదేముంది అనుకుంది. శుక్రవారం సీటు విప్పి కొత్త రెక్సిన్ ఎక్కించింది. శనివారం మధ్యాహ్నానికి జేబులు పూర్తిచేసింది. డ్రైవరు సీటు పక్కన రెండు, తలుపుకు మూడు, సీటు వెన్నుకు వరసగా ఆరు. కూర్చున్న మనిషి చేయి చాపితే అందాలి, అది ఆమె లెక్క. ప్రతి జేబు మీదా పేరు కూడా కుట్టింది. నర్సమ్మ భర్త అక్షరాలంత గుండ్రంగా రాలేదు గానీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. డబ్బాల్లోని సామానును ఆ పేర్ల ప్రకారం జేబుల్లోకి మార్చింది.

సాయంత్రం నర్సమ్మ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"గట్టి కట్టు తీయండి," అంది సూదక్క.

నర్సమ్మ చేయి ఒకసారి గాల్లోకి లేచి ఆగింది. ఆమె అద్దాలు సర్దుకుని, వెనక్కి వంగి పేర్లు చదువుకుంటూ వెళ్ళి, సీటు వెనక జేబులో కట్టును పట్టుకుంది. "గ్లౌజులు" అంటే కాగితాల జేబులో చేయి పెట్టింది. "దూది" అంటే మళ్ళీ చదువుకుంది. నాలుగోదానికి ఆగిపోయి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

గీత అవతలి నుంచి మరిది అందుకున్నాడు. "కొత్తవి కదా సిస్టర్. కొత్త ప్యాంటు వేసుకున్న రోజు నా స్పానరు నాకే దొరకదు."

నర్సమ్మ నవ్వలేదు. "చీటీలే రాస్తానని చెప్పేస్తాను. సీటు చాలా బాగుంది. పాపం, రెండు రోజులు కష్టపడ్డారు."

పాపం అన్న మాట సూదక్కకు ముల్లులా గుచ్చుకుంది. పని బాగాలేదంటే సరిచేయొచ్చు. పాపం అంటే ఏం చేయాలి? అయితే ఆమె ఇంకొకటి కూడా చూసింది. ప్రతిసారీ కళ్ళ కంటే ముందు చేయి కదిలింది. ఎటో వెళ్ళబోయింది. తర్వాత కళ్ళు దాన్ని వెనక్కి పిలిచాయి.

"ఒక్క పని చేయండి సిస్టర్. దిగి ఆ గేటు దగ్గరికి వెళ్ళండి. అదే ఆ పెద్దాయన ఇల్లు. రక్తం కారుతోంది. గట్టి కట్టు కావాలి. రండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నడిచి కాదు."

మరిది సుత్తి పక్కన పెట్టాడు. నర్సమ్మ మొహమాటంగా గేటు దాకా వెళ్ళింది. వెనక్కి తిరగగానే నడక మారిపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చి, డ్రైవరు తలుపూ తీయలేదు, డిక్కీ వైపూ చూడలేదు. వెనక ఎడమ తలుపు లాగి, వంగి, ముందు సీటు వెనక కింద నేల మీదికి నేరుగా చేయి పెట్టింది. అక్కడేమీ లేదు. వేళ్ళు ఉత్తి గాలిని పట్టుకున్నాయి.

"అక్కడేం ఉండేది?" అడిగింది సూదక్క.

"గట్టి కట్లే." నర్సమ్మ ఇంకా వంగే ఉంది. "తొమ్మిదేళ్ళుగా ఇక్కడే పడేసేదాన్ని."

"మరి ఆ రోజెందుకు లేవు?"

నర్సమ్మ మెల్లగా నిటారయింది. తలుపు అంచు పట్టుకుని నిలబడింది. "అంతకు ముందు ఆదివారమే మా ఆయన కారు కడిగి, అన్నీ డబ్బాల్లో సర్దారు. ఆ సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు. సర్ది ఉన్న కారులో దొరకలేదంటే తప్పు నా బుర్రదే అనుకున్నాను."

"మీ చేయి వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది సిస్టర్. వస్తువే అక్కడ లేదు."

"అయితే దొంగ సారన్నమాట," అన్నాడు మరిది.

నర్సమ్మ మొదటిసారి నవ్వింది. "ఆయనతో అనకండి బాబూ. మూడు ఆదివారాలు కూర్చుని చీటీలు రాశారు."

సూదక్క నవ్వలేదు. ఆమె తన కుట్ల వైపు చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆమె జేబులు కుట్టింది కూర్చునేవాళ్ళకు. నర్సమ్మ పని దిగాకే మొదలవుతుంది. కారు రోడ్డుకు ఎడమ అంచున ఆగుతుంది, ఇల్లు ఎడమవైపే ఉంటుంది, ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చేవాళ్ళకు ఎదురయ్యేది ఎడమ తలుపులే. తాను పదకొండు జేబులూ కుడివైపు కుట్టింది.

"తప్పు నాదీ ఉంది," అంది సూదక్క. "చూడకుండా కుట్టాను. ఇంకో గంట ఉండగలరా?"

ఆ గంటలో నర్సమ్మను గేటుకూ కారుకూ మధ్య ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. ఒక్కో వస్తువు పేరు చెప్పడం, చేయి ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టడం. గ్లౌజులంటే చేయి తలుపు అరలోకి వెళ్ళింది. టార్చి అంటే తలుపు పైన పట్టుకునే పిడి దగ్గరికి వెళ్ళింది, అక్కడ దాన్ని తాడుతో వేలాడదీసేదట. కత్తెర అంటే చేయి కారు వైపే పోలేదు, తన నడుము దగ్గరికి పోయింది. దానికి జేబు అక్కర్లేదు. కాగితాలకూ, ఇంకా ఒకటి రెండింటికీ మాత్రం చేయి ముందు సీట్ల వైపు వెళ్ళింది. రెండు సీట్ల మధ్య ఒక గుర్తు దగ్గర సూదక్క ఆగింది.

"ఇక్కడేంటి?"

"బిస్కెట్లు. రోగులకు కాదు, నాకు. ఐదో ఇల్లు అయ్యాక కాళ్ళు లాగుతాయి."

దానికీ సుద్ద గుర్తు పడింది.

ఆదివారం సూదక్క పదకొండు జేబులనూ విప్పింది. మరిది టీ గ్లాసుతో గీత దాకా వచ్చి నిలబడ్డాడు. "కుడివైపువి అలాగే ఉంచెయ్ వదినా. ఉంటే ఏం పోయింది?"

"ఉంటే చేయి అటు పోతుంది. ఉండకూడదు."

"ఇంత కష్టం ఎవరికి తెలుస్తుంది?"

"తెలియకపోతేనే బాగా కుట్టినట్టు. ఆవిడ జేబు గురించి ఆలోచించకూడదు, పుండు గురించి ఆలోచించాలి. నువ్వు గీత మీద కాలు పెట్టావు, చూసుకో."

ఎడమ ముందు సీటు వెన్నుకు మందపాటి కాన్వాసు ముక్క ఒకటి కోసింది. దాని మీద జేబుల మూతులు పైకి కాకుండా తలుపు వైపు వాల్చి కుట్టింది, చేయి వచ్చేది అటునుంచే కాబట్టి. కింద నేల మీది గట్టి కట్ల జేబుకు అడుగున అట్ట పెట్టి, నోరు వెడల్పుగా ఉంచింది. పిడికిలిలో కట్టు పట్టుకుని తానే పదిసార్లు పెట్టి తీసి, రెండు వేళ్ళ వెడల్పు పెంచింది. ఆ ఒక్క జేబు అంచుకు లావు తాడు లోపల పెట్టి కుట్టింది. వానలో, చీకట్లో, కళ్ళు అటు తిప్పకుండానే వేళ్ళకు అది తగలాలి. పేర్లు దేని మీదా కుట్టలేదు.

సోమవారం ఏడింటికి నర్సమ్మ వచ్చింది. డబ్బాలు తెరిచి సామానంతా తన చేత్తోనే నింపుకుంది.

"సార్ ఏమన్నారు?" అడిగింది సూదక్క.

"సంగతి చెబితే రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున లేచి, పోనీ ఏవి ఖాళీ అయ్యాయో చూసి నింపే పనైనా నాకు ఇస్తావా అన్నారు. జాబితా అప్పుడే రాయడం మొదలుపెట్టారు."

నింపడం అయ్యాక, ఎవరూ చెప్పకుండానే నర్సమ్మ గేటు దాకా వెళ్ళి పరిగెత్తుకొచ్చింది. తలుపు, చేయి, కట్టు. దాన్ని తిరిగి పెట్టేసి మళ్ళీ వెళ్ళింది. మూడోసారి మరిదితో ఏదో మాట్లాడుతూనే వచ్చి, మాట ఆపకుండానే కట్టు తీసింది. తీశాక దాన్ని చూసుకుంది. కాసేపు అలాగే చూసి, ఫోను తీసింది.

"పెద్ద సిస్టర్, నేనే. నా ఇళ్ళు ఎవరికీ ఇవ్వకండి… లేదు, బాగానే ఆలోచించుకున్నాను. తొమ్మిదింటికి వచ్చి సంతకం పెడతాను. అటు నుంచి నేరుగా ఆ కాలి పుండు పెద్దాయన దగ్గరికే వెళ్తాను."

సూదక్క ఆమెను వెనక తలుపు దగ్గరికి పిలిచి, కాన్వాసు అంచు ఎత్తి చూపించింది. "ఈ నాలుగు గుండీలు తీస్తే ముక్క మొత్తం ఊడొస్తుంది. రక్తం మరక పడితే చన్నీళ్ళతోనే ఉతకండి, వేడినీళ్ళు వద్దు. నీడన ఆరేయండి."

నర్సమ్మ తానే ఒకసారి గుండీలు తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది. నాలుగూ టక్కున పడ్డాయి. సూదక్క సీటు మీద మిగిలిన సుద్ద మరకను తడిగుడ్డతో తుడిచి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.