పడుగుల వీధి చౌడప్ప మామ

పడుగుల వీధి చౌడప్పగారు పోయిన సోమవారం తెల్లవారుజామున కాలధర్మం చెందారు. ఎర్రగుంట్ల బడిలో నేను నాలుగో తరగతి పిల్లలకు భాగహారాలు చెబుతుండగా, మా ఊరినుంచి వచ్చే బస్సు డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "పంతులూ, మీ చౌడప్ప మామ పోయినాడంట. నేను ఇట్లే తిరుక్కోని పోతాండా, ఎక్కు" అన్నాడు. డెబ్భై దాటిన మనిషి, నెలరోజులుగా మంచంలో ఉన్న మనిషి. ఈ వార్త ఏనాడో ఒకనాడు రావలసిందేనని నాకు తెలుసు. అయినా, బస్సులో చాలాదూరం పోయాక గాని నా చేతిలో సుద్దముక్క అలాగే ఉన్న సంగతి చూసుకోలేదు.

మహానుభావుడు, పుణ్యశీలి, అజాతశత్రువు అని రాయడం ఇలాంటి వ్యాసాలకు ఆనవాయితీ. మొదటి రెండు మాటలూ ఆయనకు సరిగ్గా సరిపోతాయి. మూడోది రాయడానికి మాత్రం వీల్లేదు. మా నేతగాళ్ళలో సగంమంది ఆయనతో మాట మానేసి ఇరవై ఏళ్ళు కావస్తోంది. వీధిని చేజేతులా పాడుచేశాడని ఆయన మీద వాళ్ళ అభియోగం. ఆ పాపం ఎవరిదో చెప్పకుండా ఆయనను కీర్తించబూనడం నాకు చేతకాదు.

చౌడప్పగారు నాకు వరసకు మేనమామ. నా ఆరో ఏట మా నాన్న పోతే, మా అమ్మ నన్ను మగ్గం పనిలో పెట్టబోయింది. మామ అడ్డుపడ్డాడు. "వీణ్ణి బడికి పంపుమ్మా. ఆ ఖర్సు నేను సూసుకుంటా. మన వీధిలో కాగితం సదివేటోడు ఒకడన్నా ఉండాల. లేకుంటే ఎవుడేం రాసుకొచ్చినా మనం వేలిముద్ర ఏయాల్సిందే" అన్నాడు. ఆయన మాటమీద నాకు అక్షరాభ్యాసమైంది. నేను తిన్న తిండి, కట్టిన బట్ట, చదివిన పుస్తకం అన్నీ ఆయన మగ్గం మీద నుంచి వచ్చినవే.

నేత తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చీర నేయాలంటే ముందు పడుగు సిద్ధం కావాలి. చీరకు నిలువునా పోయే నూలంతా కలిపి పడుగు అంటాం. దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి, తెగిన పోగులు ముడివేసుకోవాలి. తెల్లారకముందు మొదలుపెట్టి, ఎండ ముదరకముందు ముగించాలి. ఇంతటి పనికి ఇల్లు చాలదు, పెరడు చాలదు. వీధే కావాలి. మా వీధి ఆ పనికోసమే పుట్టినట్లు ఉండేది. పడమటి వైపు నోరు, తూర్పు వైపు ఎత్తయిన రాతిగోడ. ఆ గోడలో మనిషి వంగి దూరేటంత దిడ్డి. బండి వచ్చే దారి కాదు కాబట్టి, ఎనిమిది గంటలదాకా వీధి మాది.

ఆ వేళ చౌడప్ప మామను చూడాలి. పడుగు పక్కన నడుస్తూ, చూపు ఎక్కడో ఉంచి, అరచేత్తో తెగిన పోగు పట్టేవాడు. వేళాకోళం కూడా అప్పుడే. ఒకసారి దిడ్డిలోనుంచి అడ్డదారిన పోదామని ఒక పెండ్లి ఊరేగింపు పొద్దున్నే వీధి మొదట్లోకి వచ్చి ఆగింది. ముహూర్తం మించిపోతుందని పెండ్లికొడుకు తరఫువాళ్ళు కేకలు వేశారు. మామ కుంచె దించకుండానే, "గంజి ఆరేదాకా పెండ్లికొడుకైనా నిలబడాల్సిందేనప్పా. నీ పెండ్లాం యాడికీ పోదు, గంజి మాత్రం ఎండకు పోతాది" అన్నాడు. పెండ్లికొడుకే ముందు నవ్వాడు. ఊరేగింపు చుట్టుదారిన పోయింది.

ఆ రోజుల్లోనే ఊరు పెరగడం మొదలైంది. ప్రత్తి ఆడించే మిల్లులు వచ్చాయి, నూనె గానుగల స్థానంలో యంత్రాలు వచ్చాయి, బజారులో మిద్దెల మీద మిద్దెలు లేచాయి. కరువు వచ్చిన ప్రతిసారీ పడమటి కర్నూలు పల్లెలనుంచి కుటుంబాలకు కుటుంబాలు నెత్తిన కుండలతో దిగేవి. వానలు పడితే తిరిగి పోతామనేవాళ్ళు, పోయేవాళ్ళు కాదు. ఒక సంసారం ఉండే ఇంట్లో మూడు సంసారాలు దూరాయి. బావి దగ్గర కడవలకు వంతులు వచ్చాయి. మా వీధివాళ్ళు ఈ వచ్చేవాళ్ళను చూసి విసుక్కుంటే మామ ఒప్పుకునేవాడు కాదు. హనుమంతు అనే రైతు పెండ్లాంబిడ్డలతో వచ్చి మామ ఇంటి ముందు కూలబడి, "బాడిగకు దుడ్లు లేవప్పా" అన్నాడు. "దుడ్లు ఎవురడిగినారు? పొద్దున గంజి కాసేటప్పుడు పొయ్యి కాడ కూసో, సాలు" అని మామ తన పంచలో చోటిచ్చాడు. రెండేళ్ళు వాళ్ళక్కడే ఉన్నారు. తరువాత హనుమంతు మిల్లుకు ప్రత్తి తోలే బండి కట్టుకున్నాడు.

"ఊరు పెరిగేది మంచిదే. ఎవురి మింద పెరుగుతాండాదో అది సూసుకోవాల" అని మామ అనేవాడు. అది మా మీదే పెరిగింది. వీధి పడమటి నోట్లో ఒక ప్రత్తి వర్తకుడు ఇల్లు కొన్నాడు. ముందు వీధిలోకి ఒక అరుగు కట్టాడు, తరువాత అరుగుకు స్తంభాలు వేశాడు, స్తంభాల మీద రేకులు పరిచాడు. ఏటికేడు మా పడుగు పొట్టిదవుతూ వచ్చింది. అడిగితే, "ఇది ఎవరి వీధో కాగితం చూపించండి" అన్నాడు. మా దగ్గర కాగితమంటూ ఏముంది? తాతల కాలంనుంచి పడుగు వేస్తున్నామన్న మాట తప్ప!

అప్పుడు మామ నా దగ్గరికి వచ్చాడు. నేను కొత్తగా ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరి, కలం చెవిలో పెట్టుకుని తిరుగుతున్న కాలం అది. "అల్లుడూ, మునిసిపాలిటీకి ఒక అర్జీ రాయి. అరుగు వీధిలోకి రాకుండా సూడమని రాయి. అంతే, ఇంగేం వద్దు" అన్నాడు. అంతే రాసి ఉంటే నేనూ మనిషినయ్యేవాణ్ణి. నాకేమో ఆఫీసు భాష మోజు. అర్జీ బలంగా ఉండాలని, వకీలు కాగితాల్లో చూసిన ఒక వాక్యాన్ని మధ్యలో ఇరికించాను: "సదరు వీధి పూర్వకాలమునుండియు సకలజనుల రాకపోకలకు ఉపయోగపడుచున్నది." అది నిజం కాదు. బండి ఎరగని వీధి మాది. మామ చదివి వినిపించమంటే మొదలూ చివరా చదివాను. "నడిమి దాంట్లో ఏముండాది?" అని అడిగాడు. "అదంతా చట్టం భాషలే మామా, నీకెందుకు" అన్నాను. నన్ను నమ్మి సంతకం గీశాడు. ఆయన వెనక వీధంతా వేలిముద్రలు వేసింది.

అర్జీ ఫలించింది. వారం తిరక్కముందే గునపాలతో మనుషులు వచ్చి అరుగు పగలగొట్టారు. వీధిలో ఇంటింటికీ బెల్లం పంచారు. కులపెద్ద ఓబులేసుగారు అందరిముందూ నా వీపు తట్టారు. మామ ఆనందం చెప్పనలవి కాదు. "సూసినారా, మా వోని సదువుకు బండరాయి కూడా కదిలింది!" అని ఆ పూటంతా కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. నేనూ ఉబ్బిపోయాను.

కొన్నాళ్ళకు రెండో ఉత్తరువు వచ్చింది. మిల్లులకూ బజారుకూ మధ్య అడ్డంగా ఉన్న తూర్పుగోడను తీసేసి, వీధిని బండ్లకు తెరుస్తామని. వీధివాళ్ళందరం మునిసిపల్ కచేరీకి పోయాం. మామ చేతులు జోడించి పడుగు సంగతంతా విన్నవించాడు. ఛైర్మన్‌గారు మర్యాదస్థుడు, ఓపికగా విన్నాడు. విని, మా అర్జీని తీయించి, నా వాక్యాన్ని గట్టిగా చదివాడు. "ఇది అందరూ నడిచే వీధి అని మీరే రాసిచ్చారు కదా. అందుకే అరుగు తీయించాం. అందరూ నడిచే వీధికి గోడ ఎట్లా ఉంటుంది?" అన్నాడు.

వీధి జనం మామ వైపు తిరిగారు. ఓబులేసుగారు ముందుకు వచ్చి అడిగాడు. "ఈ మాట ఎవురు రాయించినారు చౌడప్పా?"

మామ నావైపు ఒక్కసారి చూశాడు. నేను నేలచూపులు చూశాను. నేనని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అంతలో ఆయన తల తిప్పుకుని, "నేనే రాయించినా" అన్నాడు.

గోడ పడిపోయింది. మొదటి నెలలోనే ఓబులేసుగారి పడుగు మధ్యనుంచి బండి పోయింది. మామ ఒక ఉపాయం పన్నాడు. ఎత్తయిన జంట కర్రలు నాటి, బండ్లు కిందినుంచి పోయేటట్లు పడుగును పైకెత్తి కట్టించాడు. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగోనాడు ఒక ఎద్దు తల ఎగరేసింది. పడుగు కొమ్ములకు చుట్టుకుని, ఎద్దు బెదిరి, కర్రలతో సహా వీధి చివరిదాకా ఈడ్చుకుపోయింది. ఆ బండి హనుమంతుది. పాపం అతను మామ కాళ్ళమీద పడి, "మునిసిపాలిటీ దారంటే వస్తినప్పా, నీ ఉప్పు తిని నీ కడుపు కొడితి" అని ఏడ్చాడు. మామ అతన్ని లేపి, ఎద్దు కొమ్ములనుంచి గంజినూలు పోగుపోగు విడదీస్తూ, "ఊరుకోరా. నువ్వు యాడని పోతావు, నీకీ దారి తప్ప ఏముండాది?" అన్నాడు.

ఒక్కొక్కరే మగ్గాలు పీక్కుని ఊరి బయట రాళ్ళదిబ్బ మీదికి తరలిపోయారు. ఓబులేసుగారు పోతూపోతూ మామ ఇంటిముందు ఉమ్మేసి పోయాడు. ఇంటికి రెండువైపులా అంగళ్ళు లేచాయి, వాటిమీద మిద్దెలు లేచాయి. మగ్గం గుంతలోకి వెలుతురు రావడం మానేసింది. పట్టపగలు దీపం పెట్టుకుని, పెరట్లో సాగినంత పొట్టి పడుగుతో, చీరలు నేసిన ఆ చేతులు తువ్వాళ్ళు నేశాయి. తరువాత మోటారు బస్సులు వచ్చి సరిగ్గా ఆయన గడప ముందే ఆగడం మొదలుపెట్టాయి. ఇల్లు అమ్మమని బేరగాళ్ళు ఎందరో వచ్చారు. రాళ్ళదిబ్బ మీదికి పోదామంటే అక్కడ ఆయన మొహం చూసేవాడు లేడు. అమ్మి ఇంకెక్కడికన్నా పోదామంటే మనసు రాదు. అత్త ఆ ఇంట్లోనే దుమ్ముకు దగ్గి దగ్గి పోయింది. నేను ఎర్రగుంట్లలో బడిపంతులు పని దొరికిందని వెళ్ళిపోయాను. వెళ్ళిపోయానని రాస్తున్నాను గాని, పారిపోయాను.

సెలవులకు వచ్చినప్పుడల్లా నిజం చెప్పేస్తానని బయలుదేరేవాణ్ణి. ఒకసారి రాళ్ళదిబ్బ దాకా పోబోతే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "నా పేరు సెడితే ఒక ముసిలోడి పేరు సెడతాది, అంతేగదా. నీ పేరు సెడితే సదువు పేరు సెడతాదప్పా. సదివినోడే మన కొంప ముంచినాడంటారు. ఇంగ ఒక్కడన్నా బిడ్డను బడికి పంపుతాడా? నువ్వు నోరు తెరిస్తే నా మింద ఒట్టే." ఆ ఒట్టులో నేను ఇరవై ఏళ్ళు బతికాను. ఆయన నన్ను కాపాడుతున్నాడో, కట్టేస్తున్నాడో నాకు తెలిసేది కాదు. ఆ ఒట్టు నాకు హాయిగా కూడా ఉండేదని ఒప్పుకోకపోతే ఈ వ్యాసం మళ్ళీ అబద్ధమవుతుంది.

సోమవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. రాళ్ళదిబ్బనుంచి నేతగాళ్ళు వచ్చారు, కానీ ఎదురు అంగళ్ళ నీడలోనే నిలబడ్డారు. మా కులంలో పెద్దల భుజం తగలకుండా పాడె లేస్తే ఆ మనిషిని వెలివేసినట్లే. పిల్లల్లేని మనిషి, కుండ పట్టడానికి తమ్ముడి కొడుకు ఉన్నాడు, పాడె ముందు కర్రకు నేను నిలబడ్డాను, వెనక హనుమంతూ అతని కొడుకూ ఉన్నారు. ఓబులేసుగారు కర్ర మీద ఆనుకుని అటు తిరిగి ఉన్నాడు. ఆ అనాథ పాడెను ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. ఒట్టు తీసి గట్టునపెట్టి, "ఓబులేసు పెద్దాయనా, ఆ మాట మామ రాయించలేదు. నేను రాసినా. ఆయనకు సదివి గూడా సెప్పల్యా" అని అరిచాను.

ఓబులేసుగారు మెల్లగా వచ్చాడు. మామ ముఖం మీద గుడ్డ తొలగించి చాలాసేపు చూశాడు. "ఎంత పని సేసినావు చౌడప్పా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తరువాత నా భుజం మీద చెయ్యివేసి పక్కకు తోసి, "నువ్వు తప్పుకో" అని, ఆ ముసలి వయసులో పాడె ముందు కర్ర తన భుజానికెత్తుకున్నాడు. నీడలో ఉన్నవాళ్ళంతా వచ్చి చేరారు.

నేను వెనక నడిచాను. ఆ రోజు సంత. పాడె దాటగానే ప్రత్తిబండ్లు రెండువైపులనుంచీ వచ్చి వీధిని కమ్మేశాయి. ముందుకు సందు లేదు, వెనక్కు సందు లేదు. బండి చక్రాల మధ్య నిలబడి మామా మామా అని పిలిచాను. నేను శ్మశానం చేరేసరికి మట్టి కప్పి చేతులు కడుక్కుంటున్నారు.

త్యాగం, ఔదార్యం, సహనం అనే మాటలకు అర్థం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, ఆ ఇంటి పంచలో నేర్చుకున్నాను. ఇతరుల తప్పును తన పేరు కింద రాసుకుని నోరెత్తకుండా బతికిన మనిషి మా ఊర్లో ఆయన ఒక్కడే, ఇక లేడు. ఆయన పాదాలకు నా సాష్టాంగ నమస్కారం.

తిరిగి వచ్చేటప్పుడు ఓబులేసుగారు నా పక్కన ఆగాడు. ఆయన కోపంగా లేడు. "మా మనమణ్ణి ఈ యేడు బడిలో ఏద్దామనుకుంటిమి" అన్నాడు. రాళ్ళదిబ్బ వైపు నడిచిపోయాడు. ఆయనకు నేనేం చెప్పాలో అడగడానికి చౌడప్ప మామ లేడు.