పొయ్యి చూపులు

ఆ రోజుల్లో అమెరికాలో ఎవరు తలుపు తట్టినా మాకు ఇమిగ్రేషన్ వాళ్లేమో అనిపించేది (బిస్కెట్లు అమ్ముకునే పిల్లలైనా సరే). ఎనభైల చివరి మాట. ఇంజినీరింగ్ చదివి, కార్ల విడిభాగాల కంపెనీలో కుదురుకుంటూ, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో మా పెదనాన్నగారబ్బాయి ఇంట్లో ఉండేవాణ్ని. గ్రీన్‌కార్డు దరఖాస్తు అప్పుడే పంపాను. అది ఆగిపోవడానికి గల కారణాలను ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకుని మరీ భయపడేవాణ్ని.

అప్పుడు వదిన ఒక వార్త చెప్పింది. స్టవ్‌లు తయారుచేసే కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి, మనం వంట ఎలా చేస్తామో కూర్చుని చూస్తుందట. కొత్త పద్ధతట. మా కరెంటు స్టవ్ మీద గుండ్రటి అడుగున్న మూకుడు నిలిచేది కాదు. ఆ గోడు చెప్పుకోవాలని వదిన ఆశ.

"ప్రశ్నలుంటే పోస్టులో పంపొచ్చుగా? మనిషెందుకు? ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూడ్డానికే!" అన్నాను.

"ఒరేయ్, నీ మొహానికి గూఢచారి కూడానా!" అన్నాడు అన్నయ్య. అన్నాడే గాని, ఇంటి అద్దె లీజులో నా పేరు లేదని గుర్తొచ్చి అతని మొహమూ మాడింది.

ఇక ఏర్పాట్లన్నీ నావే. మూకుడు మంచం కిందికి పోయింది. పోపు పెట్టినప్పుడల్లా మొత్తుకుంటుందని ఎప్పుడో బ్యాటరీ పీకేసిన పొగ అలారానికి (లీజు ప్రకారం అదీ తప్పే) కొత్త బ్యాటరీ వేశాను. ఎవరడిగినా నేను భోజనానికి వచ్చిన బంధువుని. వదిన గుడ్లు ఉడకబెట్టి టోస్టు చెయ్యాలి.

నల్ల బ్యాగుతో ఆవిడ వచ్చి వంటింటి మూల కూర్చుంది. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. నేనిక్కడ లేననుకోండి" అంది. రోజూ లుంగీలో తిరిగే అన్నయ్య టై కట్టుకుని టోస్టు కొరికాడు. కాసేపటికి ఆవిడ నిరాశగా పెన్ను మూసి, "మీరు స్టవ్ పెద్దగా వాడరన్నమాట" అంటూ లేచింది.

వదిన ఇక ఆగలేకపోయింది. "ఇంటికొచ్చిన మనిషిని లేదనుకుని, అన్నం పెట్టకుండా పంపిస్తామా? నీ గ్రీన్‌కార్డు పాడుగాను, ఆ మూకుడు తెచ్చివ్వు!"

నూనె కాగింది. ఎండుమిరపకాయలు పడ్డాయి. అలారం కెవ్వుమంది. అంతే, పాత అలవాట్లన్నీ లేచొచ్చాయి. అన్నయ్య టై వెనక్కి వేసుకుని తువ్వాలుతో పొగ విసురుతున్నాడు. నేను కుర్చీ ఎక్కి అప్పడాల కర్రతో అలారాన్ని పొడుస్తున్నాను. ఊగుతున్న మూకుడు పిడిని వదిన ఆవిడ చేతిలోనే పెట్టేసింది: "పట్టుకో తల్లీ, నీకే తెలుస్తుంది!"

ఆవిడ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఒక చేత్తో మూకుడు పట్టుకుని రెండో చేత్తో రాసేసుకుంటోంది. నేను కుర్చీ మీద నుంచే, "నేనిక్కడ ఉండనండీ, బంధువుని" అన్నాను.

"మీరు కదలకండి! అలారం ఎలా ఆపుతారో బొమ్మ గీసుకోవాలి" అందావిడ. తర్వాత పప్పు మారు వడ్డించుకుని తిని వెళ్లింది. నా గ్రీన్‌కార్డు దాని తీరికలో అది వచ్చింది.

ఉద్యోగం మారి, ఇప్పుడు ఆవిడలా ఇళ్లకెళ్లి వంట చూసే పనే నాది. మొన్న అల్ఫారెట్టా అనే ఊళ్లో మన తెలుగువాళ్లింటికి వెళ్లాను. వంటిల్లు అద్దంలా ఉంది. తలుపు తీసిన కుర్రాడు నా విజిటింగ్ కార్డు తిప్పి తిప్పి చూశాడు. నా కళ్లు ఎటు వెళ్తే అతని కళ్లు అటే. పాపం, అలారానికి కొత్త బ్యాటరీ వేసినట్టున్నాడు.

"నేనిక్కడ లేననుకోండి" అన్నాను. అని, భోజనాల వేళ దాకా కదలకుండా కూర్చున్నాను.