నాలుగు పుంజాలు

నాగేశ్వరయ్య సారుది హిందూపురం. పెనుకొండలో ట్రైనింగు చేసేటప్పుడు ఎవరో చెప్పిన మాట ఆయన బుర్రలో నాటుకుపోయింది. బుద్ధి పుట్టుకతోనే కొలిచి పోస్తారట, తర్వాత ఎంత చెప్పినా పెరగదట! ఇంకేం, ధర్మవరం బళ్లో పదకొండేళ్లు అదే వేదవాక్కు. చురుకైనవాళ్లు ముందు వరస, మొద్దులు వెనక వరస. చెడ్డమనిషేం కాదు పాపం, నమ్మింది చేశాడు.

1958లో ఆ వెనక వరసలో ఉలిగమ్మ ఉండేది. నాలుగో తరగతి, పట్టుచీరలు నేసే కుళ్ళాయప్ప కూతురు. వరసకు అరవై చెట్లు, ఎనిమిది వరసలు, మొత్తమెన్ని అని సారు అడిగితే పలక మీద నాలుగు అని రాసింది. క్లాసంతా గొల్లుమంది. సారు సున్నా చుట్టి, ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాడు.

"ఏమనుకోవద్దు కుళ్ళాయప్పా, పిల్లకు చదువు ఒంటబట్టదు. మగ్గం పని నేర్పించుకో."

కుళ్ళాయప్ప మొహం వాడిపోయింది. ఎంత ఆశ పెట్టుకున్నాడో! "మీరే అట్లంటే ఇంగేముండాది సార్. రేపట్నించి మాన్పిస్తా."

మగ్గం పక్కన పోగులు సరిచేస్తున్న ఉలిగమ్మ భోరుమంది. "నాయనా, అరవై ఎనిమిదిసార్లంటే నాలుగు పుంజాలే కదా? నేనేం తప్పు రాసినా?"

"పుంజమంటే ఎన్ని?" అన్నాడు సారు.

"నూటిరవై పోగులు సార్. మా ఇండ్లల్లో లెక్కంతా అట్లే."

నాలుగు నూటిరవైలు నాలుగువందల ఎనభై. ఎనిమిది అరవైలూ అంతేనని సారుకు అప్పుడు తట్టింది. "బళ్లో చెప్పలేదేమమ్మా?"

"ఎట్ల చేసినావని మీరు అడగలేదు కదా సార్."

సారు లేచి కుళ్ళాయప్ప చేతులు పట్టుకున్నాడు. "పిల్లను మాన్పించొద్దప్పా. మొద్దును నేను."

మర్నాడే వరసలు కలిపేశాడు. ఆ తర్వాత ఎట్లా చేశావని అడక్కుండా ఏ బిడ్డకూ సున్నా చుట్టలేదు. పెనుకొండలో నాకు సర్టిఫికెట్టు ఇచ్చారు, పాఠం చెప్పడం నేర్పింది మాత్రం ఆ చిన్నపిల్ల ఉలిగమ్మ, ఆమె రుణం తీరేది కాదు అని బతికినంతకాలం చెప్పుకున్నాడు. ఆ ఉలిగమ్మ 1965లో స్కూల్ ఫైనల్ పాసైంది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మాత్రం ఆయన ఇంటికి పోలేదు. కుళ్ళాయప్ప పక్కింటి తలుపు తట్టాడు. ఆ ఇంటి ఆదిలక్ష్మిని రెండేళ్ల కిందట బడి మాన్పించింది ఆయనే.