ఎడమచేతి కాజాలు

ఆ టైలరింగ్ షాపులో గొంతు పెంచేవి కుట్టు మిషన్లు మాత్రమే. మాస్టారు ఎప్పుడూ పెంచడు. ఖరీదైన గుడ్డ చించిన పనివాడితోనైనా సరే, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన కూర్చుని మాట్లాడినట్టే మాట్లాడతాడు. అందుకే ఆయనంటే అందరికీ భయం. అరిచే కుక్క కరవదంటారు గానీ, అరవని దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

మాస్టారి బామ్మర్ది ఆ షాపులోనే గుండీలు పట్టే కాజాలు కుడతాడు. సన్నగా ఉంటాడు, ఎక్కడికెళ్లినా కాలరు మడతలో ఒక సూది గుచ్చుకుని వెళతాడు. అందుకని స్నేహితులు అతన్ని సూది అంటారు. తల్లి పోయాక అక్కే పెంచింది. ఆవిడ పెళ్లయినప్పుడు చీరల పెట్టెతో పాటు తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని అత్తారింటికి వచ్చింది. పైన ఇల్లు, కింద షాపు. కిటికీ పక్కన ఉన్న స్టూలు అతనిది. దాని మీద కూర్చునే మీసాలు పెంచాడు, ఇప్పుడా మీసాల్లో ఒకటీ అరా తెల్లబడుతున్నాయి కూడా.

కాజా కుట్టడం అక్కే నేర్పింది. ఆవిడది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడు కాబట్టి, అన్నం కుడిచేత్తో తిన్నా సూది మాత్రం ఎడమచేత్తోనే పడతాడు. చొక్కా కాజా ఎవరు కుట్టినా కింది చివర ముగిస్తారు. ఈ అక్కాతమ్ముళ్లది పైచివర ముగుస్తుంది. అక్కడ ఆవగింజంత ముడి ఒకటి మిగులుతుంది.

"ఊరంతా ఒక దారి, మీ ఇద్దరిదీ ఒక దారి" అని మాస్టారు నవ్వేవాడు. సూది కూడా నవ్వేవాడు గానీ, ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవాలనిపించేది. తన మనసు మగవాళ్ల మీదకే పోతుందని అతనికి మీసాలు రాకముందే తెలుసు. పైన అక్కకు తెలియదనీ, కింద బావకు తెలియదనీ ధైర్యం చెప్పుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు.

తెలిస్తే ఏమవుతుందో అటక మీదే కనిపిస్తూ ఉండేది. ఒకప్పుడు ఆ షాపులో ప్యాంట్లు కుట్టే అతనొకడు ఉండేవాడు. పార్కులో ఇంకొక మగమనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడని ఎవరో వచ్చి మాస్టారి చెవిలో వేశారు. మాస్టారు అతని దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. "ముందు చేతిలో ఉన్న పని పూర్తి చెయ్ నాయనా" అన్నాడు. అతను ప్యాంటు పూర్తి చేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి లేచాడు. లేవగానే మాస్టారు అతని స్టూలు తిరగేసి అటకెక్కించాడు. ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ షాపువాళ్లూ అతనికి మిషను ఇవ్వలేదు. ఆ స్టూలు ఇంకా అక్కడే ఉంది, చచ్చిన పశువులా నాలుగు కాళ్లూ పైకెత్తి. సూది కూర్చున్న చోటు నుంచి తల ఎత్తితే మొదట కనిపించేది అదే.

ఆ నగరంలో ఏడాదికోసారి అతనిలాంటివాళ్లంతా కలిసి నడిచే ప్రైడ్ ఊరేగింపు జరుగుతుంది. సూది ఎప్పుడూ వెళ్లలేదు. సెలవు రోజుల్లో టీకొట్టు దగ్గర కలిసే స్నేహితులు ఇద్దరున్నారు. ఒకడు మందుల షాపులో పనిచేసే పొడుగు. ఇంకొకావిడ ఇంట్లో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ. అతని సంగతి తెలిసినవాళ్లు ఈ లోకంలో వాళ్లిద్దరే.

"ఈసారైనా వస్తావా, మళ్లీ జ్వరమేనా?" అన్నాడు పొడుగు. "ఏటా సరిగ్గా ఆ రోజే వస్తుందేంట్రా నీకు? మా షాపులో దానికి వేరే మాత్ర తెప్పించాలి."

"నీకేం, నవ్వుతావ్. ఎవరన్నా చూస్తే?"

"ముఖానికి మాస్కు పెట్టుకో" అంది టీచరమ్మ. "నా దగ్గరికి ఎంతమంది పిల్లలొస్తారో తెలుసా? వాళ్ల అమ్మల కళ్లు పోలీసు కళ్లకంటే మోసం. నేను రావడంలా?"

"మాస్కు పెట్టుకుంటే ఎవరూ పోల్చరంటావా?"

"మీ అక్క కూడా పోల్చదు, పద."

వస్తానన్నాక అతనికి ఒక ఆశ పుట్టింది. మంచి తెల్లగుడ్డ కొని, షాపు కట్టేశాక కొంచెం కొంచెంగా ఒక చొక్కా కుట్టుకున్నాడు. చూడ్డానికి మామూలు చొక్కానే. కాజాలు మాత్రం ఆరింటినీ ఆ ఊరేగింపు జెండాలోని ఆరు రంగుల పట్టుదారంతో కుట్టాడు. పైన ఎరుపు, కింద ఊదా. అంత శ్రద్ధగా తన కోసం అతను ఎప్పుడూ ఏదీ కుట్టుకోలేదు.

ఆ రోజు ముగ్గురూ నల్లమాస్కులు పెట్టుకుని జనంలో కలిశారు. రోడ్డుకు అటూ ఇటూ ఇనుప బారికేడ్లు, వాటిని ఆనుకుని పోలీసులు. ముందు డప్పులు, వెనక జెండాలు. ఎవరో ముసలాయన గులాబీరంగు టోపీ పెట్టుకుని, ఇంకొక ముసలాయన భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. సూది చాలాసేపు ఆయన చెయ్యినే చూస్తూ నడిచాడు. మేడల మీద జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కొందరు చేతులూపారు. ఒక మేడ మీంచి నీళ్ల సీసా వచ్చి టీచరమ్మ ముందు పడింది. పైన ఎవరో నవ్వారు, ఎవరో కనపడలేదు.

"ఆగకు, నడువు" అంది టీచరమ్మ.

కొంతదూరం పోయాక కెమెరా మనిషి ఒకడు ఎదురొచ్చాడు. "అన్నా, ఒక్క నిమిషం. చొక్కా అదిరింది!"

సూది బిగుసుకుపోయాడు.

"తియ్యనీరా" అన్నాడు పొడుగు. "ముఖం కనపడదుగా. పుట్టాక ఒక్కసారైనా ఫొటోలో నవ్వు."

మాస్కు వెనక సూది నిజంగానే నవ్వాడు. ఛాతీ కూడా కాస్త ముందుకు పెట్టాడు. ఆ మనిషి రెండు ఫొటోలు తీసి, బొటనవేలు పైకెత్తి చూపించి పోయాడు. అతను పోయాకే సూదికి తట్టింది. ఆ కెమెరా ఒక్కసారి కూడా అతని ముఖం దాకా రాలేదు. కిందనే ఉండిపోయింది, గుండీల దగ్గర.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ముఖం కప్పుకుని చేతిపని పదిమందికీ చూపించి వచ్చాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి కటింగ్ టేబుల్ మీద పేపరు పరిచి ఉంది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. పేజీ మధ్యలో రంగుల ఫొటో. పైన నల్లమాస్కు అంచు, కింద తెల్లచొక్కా, ఒక్కొక్క కాజా బొటనవేలంత. గుడ్డలో లోపం ఉన్నచోట గీసినట్టే, ఎర్ర కాజా పైచివర సుద్దతో చిన్న సున్నా చుట్టి ఉంది.

"రావయ్యా" అన్నాడు మాస్టారు మెత్తగా. "పని తెలిసినవాడివి, చూసి చెప్పు. ఈ చొక్కా ఎవరు కుట్టారంటావ్?"

"ఎవరో బావా... నాకెలా తెలుస్తుంది?"

"ఊరంతా కింద ముగిస్తారు కదా. ఈయనెవరో పైన ముగించాడు."

వెనక మిషన్లు నడుస్తూనే ఉన్నాయి, కానీ వాటి మీద ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. అప్పుడే అక్క టీ గ్లాసులు పట్టుకుని మెట్లు దిగింది. టేబుల్ వైపు చూసింది. తమ్ముడి వైపు చూడలేదు.

"నేను కుట్టాను" అంది.

మాస్టారు భార్య వైపు తిరిగాడు. "నువ్వా?"

"మీరు లేనప్పుడు ఎవరో వచ్చి అడిగారు. కుట్టిచ్చాను."

"ఎవరో?"

"పేరడగలేదు. అడగాలా?"

మాస్టారు ఆవిడ చేతిలోంచి గ్లాసులు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆవిడ వేళ్లు తన అరచేతిలోకి తీసుకున్నాడు. కణుపులు వాచి, వంకర్లు తిరిగిన వేళ్లు. "ఈ చేత్తోనా? నీ రవిక హుక్కు కూడా నేనే పెడుతున్నాను కదే" అన్నాడు జాలిగా.

ఒకడు ఫక్కున నవ్వి ఆపుకున్నాడు. అక్క ముఖం ఎర్రబడింది. చెయ్యి లాక్కోబోయింది, మాస్టారు వదల్లేదు. సూది పేపరు చూడలేదు, బావ ముఖం చూడలేదు. ఆ చెయ్యిని చూశాడు.

"నాదే బావా" అన్నాడు. "నేనే కుట్టుకున్నాను. వేసుకుని వెళ్లిందీ నేనే."

మాస్టారు అక్క చెయ్యి వదిలాడు. పేపరును మడత మీద మడత పెట్టాడు. బామ్మర్ది దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

"ముందు చేతిలో ఉన్న పని పూర్తి చెయ్ నాయనా."

సూది వెళ్లి కిటికీ పక్కన తన స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్న పని ఒక నల్లకోటు. కాజాలన్నీ అయిపోయి చివరిదొక్కటే మిగిలింది. మాస్టారు నిచ్చెన తెచ్చి అటకకు ఆనించాడు. పైకెక్కి, తిరగేసిన స్టూలు పక్కనున్న మూటలు ఒక్కొక్కటే జరపసాగాడు. ఇంకొక దానికి చోటు చేస్తున్నాడు.

సూది వీలైనంత మెల్లగా కుట్టాడు. ఎంత మెల్లగా కుట్టినా కాజా కాజాయే కదా, దానికో చివరుంటుంది. ముడి వేసి దారం తెంపబోతుండగా చీర కుచ్చిళ్లు అతని మోకాళ్లకు తగిలాయి. అక్క వచ్చి అతని కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడింది. కోటు లాక్కుని ఒళ్లో వేసుకుంది. కిటికీ గట్టు మీది బ్లేడు తీసి, ఇప్పుడే అయిపోయిన కాజాను చివర నుంచి చివర దాకా విప్పేసింది. కుట్టడానికి వంగని వేళ్లు విప్పడానికి బాగానే వంగాయి.

"ఇది సరిగా రాలేదు" అంది, అటక దాకా వినపడేలా. "మళ్లీ కుట్టు."

"అక్కా, గుడ్డ పోగులు లేస్తాయే" అన్నాడు అతను గుసగుసగా. "రెండోసారి విప్పితే ఇక నిలవదు."

"ఇది నిలవకపోతే విప్పడానికి ఇంకోటుంది. ముందు ఇది కుట్టు."

అటక మీద మూటలు జరిగే చప్పుడు ఆగింది. మిషన్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నిచ్చెన పైమెట్టు కిర్రుమంది. అక్క తల ఎత్తలేదు, బ్లేడు కింద పెట్టలేదు. సూది కాలరు మడతలోంచి తన సూది తీసి, దారం ఎక్కించి, ఎడమచేత్తో పట్టుకున్నాడు.